గ్లాసు కింద స్టిక్కర్ పెట్టి తాగిన మూడు జిన్‌లు

ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లోని మా ఇంట్లో రెండేళ్లపాటు రెండు రకాల జిన్ (జూనిపర్ అనే చెట్టుకాయల వాసనతో చేసే మద్యం) ఉండేది. రోజువారీకి ఒక సూపర్ మార్కెట్ సొంత లేబుల్‌ది, 70 సెంటీలీటర్లు, 37.5 శాతం ఆల్కహాల్, 15 పౌండ్లు. చుట్టాలొస్తే 34 పౌండ్ల హెండ్రిక్స్, 41.4 శాతం. 2024 చలికాలంలో మా బావమరిది వచ్చి, "బావా, సీసా దాచేసి పోస్తే నువ్వు కనిపెట్టలేవు" అన్నాడు. పౌరుషం వచ్చింది. మధ్యరకంగా 40 శాతం బీఫీటర్ కూడా తెచ్చి కూర్చున్నాం.

మా ఆవిడ తాగదు కాబట్టి పోసే పని, ఏది ఏదో గ్లాసు కింద స్టిక్కర్ మీద రాసే పని తనది. ప్రతిసారీ మూడు గ్లాసులు, ఒక్కోదాంట్లో 10 మిల్లీలీటర్లు. రెండింటిలో ఒకే జిన్, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా ఆరుసార్లకు రెండు తగులుతాయి. మొదటి రోజు ఒక పొరపాటు చేశాం. హెండ్రిక్స్‌ని రుచిని బట్టి కాదు, ఘాటును బట్టి పట్టేస్తున్నాం. మర్నాటి నుంచి దానికి సిరంజితో 1 మిల్లీలీటరు నీళ్లు కలిపి, చవకదానితో సమానం చేశాం. బీఫీటర్‌కీ కొన్ని చుక్కలు.

ఒట్టిగా తాగితే చవకదానికీ హెండ్రిక్స్‌కీ తేడా ఆరింటికి ఆరూ చెప్పాను. అందులో గొప్పేం లేదు. గులాబీ, కీరా ఎసెన్సులు దాంట్లో బట్టీలో కాచి దించాక కలుపుతారు, అందుకే దాన్ని లండన్ డ్రై అనరు. (లండన్ డ్రై అంటే ఊరు కాదు, కాచాక రుచులేవీ కలపకుండా చేసే పద్ధతి.) నాకు ఆశ్చర్యం కలిగించింది బీఫీటర్. ముక్కు దగ్గర పెట్టగానే ధనియాలు! చారుపొడికి వేయించినప్పటి వాసన కాదు, పచ్చి ధనియాలు వేళ్లతో నలిపితే వచ్చే నిమ్మవాసన. జిన్‌లో జూనిపర్ తర్వాత చాలావాటికి ముఖ్యమైన దినుసు ధనియాలే. చవకదానిలో మొదటి గుక్కకు స్పిరిట్ మంట, ఆ తర్వాత కాస్త జూనిపర్, అంతే.

టానిక్ (క్వినైన్ వేసిన చేదు, తీపి సోడా) పోసి నిమ్మచెక్క వేశాక నా పౌరుషం దిగిపోయింది. హెండ్రిక్స్, చవకది: ఆరింటికి మూడే. క్వినైన్ చేదు, పంచదార కలిసి గులాబీని మింగేశాయి. బీఫీటర్ మాత్రం ఆరింటికి నాలుగు. జూనిపర్, నారింజతొక్క టానిక్ మీద నిలబడ్డాయనుకుంటాను. ఆరుసార్లతో బల్లగుద్ది చెప్పను.

చవకదాన్ని తిట్టే ముందు లెక్క వేశాను. ఆ ఏడాది ఇక్కడ లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్‌పై సుంకం 31.64 పౌండ్లు. 15 పౌండ్ల సీసాలో సుంకం 8.31, వ్యాట్ 2.50 పోగా మిగిలేది 4.19. గాజుసీసా, రవాణా, షాపువాడి లాభం, జిన్, అన్నీ అందులోనే. హెండ్రిక్స్‌లో అదే లెక్కకు 19 పౌండ్లు మిగులుతాయి. ఆ డబ్బుతో జిన్ ఎంత, సీసా ఎంత, పేరు ఎంత అన్నది వేరే సంగతి.

ఇప్పుడు మా ఇంట్లో చవకది కొనడం లేదు. టానిక్‌కి బీఫీటర్, ఒక్క ఐసుముక్కతో మెల్లగా తాగేవాళ్లకు హెండ్రిక్స్. బావమరిది మాత్రం, పరీక్షలో నాకంటే ఒకటి తక్కువే తగిలినా, ఇప్పటికీ టానిక్‌లో హెండ్రిక్సే పోయమంటాడు.