యాంటీవైరస్ డబ్బా కొనాలా, డిఫెండర్ చాలా?

హన్మకొండలో కంప్యూటర్ కొంటే యాంటీవైరస్ డబ్బా కూడా అంటగడతారు. విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు. కాకపోతే ఫోల్డర్లను రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) నుంచి కాపాడే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ మొదట ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆన్ చేయండి. తర్వాత ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఫైల్ సేవ్ కాకపోతే అక్కడే దానికి అనుమతివ్వొచ్చు.

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే నొక్కొద్దు. డ్రైవ్ మీద రైట్‌క్లిక్ చేసి స్కాన్ పెట్టండి. అసలు ఫైళ్లు చాలాసార్లు లోపలే దాగి ఉంటాయి.

పెయిడ్‌లో వీపీఎన్ (నెట్ వాడకాన్ని గోప్యంగా ఉంచేది), పిల్లల వాడకంపై అదుపు లాంటివి అదనం. అవి కావాలంటేనే కొనండి. గడువు తీరిన దాన్ని అలాగే ఉంచకండి. తీసేస్తే డిఫెండర్ మళ్లీ పనిలోకి దిగుతుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఆ లోటు ఏ యాంటీవైరస్ పూడ్చదు.