సీఐఏ రీడింగ్ రూమ్: సరుకు బోలెడు, ఏరుకునే పని మాత్రం మనదే

సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదువుతూ, ప్రచ్ఛన్న యుద్ధం గురించి అశోక్‌నగర్ కోచింగ్ నోట్సులో ఉన్నది చాలదనుకునేవాళ్లు తెరవాల్సిన సైటు ఇది. రహస్య ముద్ర తొలగించిన తన పాత ఫైళ్లను అమెరికా గూఢచార సంస్థ సీఐఏనే పెట్టింది. ఖాతా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. పీడీఎఫ్ దించుకోవడమే. 2017 జనవరికి ముందు వీటిలో చాలావాటి కోసం మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ దాకా వెళ్లి, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న నాలుగు కంప్యూటర్లలో ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు దాదాపు 9.3 లక్షల పత్రాలు, 1.2 కోట్ల పేజీలు తార్నాకలో కూర్చునే చూడొచ్చు.

చిక్కంతా వెతకడంలోనే. టైపు కాగితాలను యంత్రం చదివి తీసిన అక్షరాల మీదే ఈ వెతుకులాట నడుస్తుంది. కార్బన్ కాపీ మసకబారితే పేరు ముక్కలైపోతుంది, ఎదురుగా ఉన్న పత్రం కూడా దొరకదు. హైదరాబాద్ అని కొట్టి చూడండి: మన ఊరూ, సింధ్‌లోని హైదరాబాదూ కలగలిసి వచ్చిపడతాయి. అందుకే నిజాం, రజాకార్ లాంటి మాట జోడించాలి. తెలంగాణను అప్పట్లో ఇంగ్లిష్‌లో రాసినప్పుడు రెండో అచ్చు దగ్గర 'ఏ' బదులు 'ఈ' పెట్టేవారు. రెండు రకాలుగానూ కొట్టాలి. అయినా మన సంగతుల మీద మరీ ఆశ వద్దు. సీఐఏ పుట్టింది 1947 సెప్టెంబర్ 18న, నిజాం లొంగిపోయింది 1948 సెప్టెంబర్ 17న. పోలీసు చర్య నాటికి ఆ సంస్థకు ఏడాది కూడా నిండలేదు.

తేదీలతో ఇంకో తిరకాసు. 1955 నాటి కాగితానికి 'డాక్యుమెంట్ క్రియేషన్ డేట్' 2016 అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది తరచు కంప్యూటర్‌కి ఎక్కించిన కాలమే. 'పబ్లికేషన్ డేట్' చూసి, దాన్నీ కాగితం తల మీది తేదీతో సరిపోల్చుకోవాలి. 'సీఐఏ-ఆర్‌డీపీ'తో మొదలయ్యే నంబరును తప్పకుండా రాసిపెట్టుకోండి. ముందు భాగం కలిసే పత్రాలు ఒకే కట్టలోంచి వచ్చినవి. పనికొచ్చేది ఒకటి దొరికితే, ఆ కట్టలోవే మిగతావి ముందు తెరవండి. ఖాళీ గడి పక్కన '25ఎక్స్1' అని ఉంటే, సమాచారమిచ్చిన మనిషో సేకరించిన పద్ధతో బయటపడుతుందని అక్కడ కొట్టేశారని అర్థం.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం పత్రం రకం దగ్గర. 'ఇన్ఫర్మేషన్ రిపోర్ట్' అని ఉన్న కాగితాల మీద, ముఖ్యంగా 1950ల వాటి మీద, ఇది నిర్ధారించని సమాచారం అని ముద్రే ఉంటుంది. అంటే వేగు విన్నది విన్నట్టు పంపిన మాట. ఆ ముద్ర కత్తిరించి, 'సీఐఏనే ఒప్పుకుంది' అంటూ వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు వేగులు ఒకే మాట చెబితేనే నమ్మమన్నాడు కౌటిల్యుడు. ఈ సైటుకు అంతకంటే మంచి వాడుక సూచన లేదు. విశ్లేషకులు తూచి రాసిన అంచనాలు వేరు, వాటిని వేరుగానే చదవాలి. పత్రికల కత్తిరింపులూ గుట్టలుగా ఉన్నాయి, అవి చూసి రహస్యం దొరికిందని సంబరపడొద్దు.

అసలైన సరుకు అమెరికా అధ్యక్షుడు కెనడీకి రోజూ అందిన చిన్న నివేదికలు. 2015లో విడుదలయ్యాయి. 1962 అక్టోబర్‌వి వరసగా చదవండి. 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 క్యూబాలో క్షిపణుల ఫొటోలు తీసింది, 20న చైనా సేనలు మన మీద పడ్డాయి. రెండు సంక్షోభాలు ఒకే బల్ల మీదికి చేరిన నెల అది.

రహస్య చర్యల విషయంలో మాత్రం ఈ సైటు చాలా పలచన. 1953లో ఇరాన్ ప్రధాని మొసద్దిక్‌ను దించడంలో సీఐఏ చేసిన పనికి సంబంధించిన కాగితాలు చాలామటుకు 1960ల్లోనే తగలబెట్టారు. తన పాత్రను సంస్థ ఒప్పుకుంది 2013లో. ఆ ఉదంతం కోసం అమెరికా విదేశాంగ శాఖ 2017లో తెచ్చిన పత్రాల సంపుటానికి వెళ్లాలి. అదీ ఉచితమే, పైగా అక్షరాలన్నీ శుభ్రంగా టైపు చేసి ఉంటాయి కాబట్టి వెతికితే దొరుకుతుంది. మన వైపు కాగితాలు అడుగుదామా అంటే, మన గూఢచార సంస్థలు రా, ఐబీ రెండూ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావేవీ అవి చెప్పనక్కర్లేదు. అందుకే ఢిల్లీలో ఏం జరిగిందో పక్కింటి కిటికీలోంచి చూడ్డమే గతి.

ఈ సైటుకు నా మార్కులు ఐదుకు మూడున్నర. ఫోన్‌లో మాత్రం చదవొద్దు, మసక టైపు కళ్లు పీకేస్తుంది. ఓ పది పేజీలు తేల్చుకుని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోండి. పత్రం నంబరు మొదటి పేజీ మీద పెన్నుతో రాయడం మరవొద్దు, రెండోసారి వెతికితే దొరుకుతుందన్న హామీ లేదు.