కావాలనే ఓడారా? లామోటా, లిస్టన్ పోటీలు పక్కపక్కన

1947 నవంబర్ 14న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాక్సింగ్ పోటీలో బిల్లీ ఫాక్స్ గుద్దుతుంటే జేక్ లామోటా రింగు తాళ్లకు ఆనుకుని దెబ్బలు తిన్నాడే తప్ప సరిగా తిరిగి కొట్టలేదు. అయినా కింద పడలేదు. నాలుగో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు. టైటిల్ (ఛాంపియన్‌షిప్) పోటీ దక్కుతుందని కావాలనే ఓడానని 1960లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు తనే ఒప్పుకున్నాడు.

సోనీ లిస్టన్‌ది అంత తేలిగ్గా తేలదు. 1965 మే 25న అమెరికాలోని లూయిస్టన్‌లో మొదటి రౌండ్‌లోనే మహమ్మద్ అలీ కుడిచేతి పొట్టి దెబ్బకు కూలాడు. లేవబోయి మళ్లీ వెల్లకిలా దొర్లడం నటనలా అనిపిస్తుంది, నిజమే. కానీ అలీ న్యూట్రల్ కార్నర్‌కు (ప్రత్యర్థి పడితే పడగొట్టినవాడు వెళ్లాల్సిన మూలకు) వెళ్లకుండా, పడిన లిస్టన్ పక్కనే నిలబడి అరుస్తున్నాడు. అలీని తప్పించే హడావుడిలో రిఫరీ వాల్కాట్ అంకెలు లెక్కపెట్టనే లేదు (పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే). లిస్టన్ లేచాక పోటీ మళ్లీ మొదలైంది. లిస్టన్ లేచేసరికే పది సెకన్లు దాటిపోయాయని రింగు బయటి నుంచి అరిస్తే ఆగింది. లామోటాలా లిస్టన్ ఏ విచారణ ముందూ ఒప్పుకోలేదు, రుజువూ దొరకలేదు.