యోబు ‘ఉద్యోగం’ అయిపోయాడు: 9,800 పెట్టి కొన్న బైబిల్ సాఫ్ట్‌వేర్ కథ

అందరికీ వందనాలు. చిన్న సంఘాల్లో వాక్యం చెప్పే పాస్టరు గార్లు, సండేస్కూల్ టీచర్లు, యూత్ లీడర్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మహాసభల సీజను వస్తోంది. పందిరి బయట పుస్తకాల స్టాళ్ల మధ్య ఒక ల్యాప్‌టాపు, ఒక పెద్ద టీవీ పెట్టుకుని ‘సంపూర్ణ తెలుగు బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేర్, 200 పుస్తకాలు, జీవితకాల లైసెన్సు’ అని బ్యానరు కట్టినవాళ్లు కనిపిస్తారు. కిందటేడు నేను పడింది అలాంటి చోటే. పేరు రాయడం లేదు. పేరు మార్చి అదే సరుకు అమ్మడం వీళ్లకు నిమిషం పని, కాబట్టి సరుకు ఎలా ఉంటుందో చెప్తాను, మీరే గుర్తుపట్టండి.

మాది భీమవరం దగ్గర పల్లె. పాస్టరు గారికి వయసు మీద పడింది, చూపు సరిగా ఆనదు. అందుకని నెలలో రెండు ఆదివారాలు వాక్యం నేను చెప్తాను. పగలు ఎరువుల కొట్టులో లెక్కలు రాసే పని. ప్రసంగానికి కూర్చోవడానికి దొరికేది రాత్రి తొమ్మిది తర్వాతే. ఇది చూసి సంఘ పెద్దలు, ‘టీచరుకి ఏదైనా సాధనం కొనిద్దాం’ అని కానుక ఎత్తారు. రొయ్యల షెడ్డులో తలలు తీసే ఒక అక్క ఆ రోజు కూలి నాలుగు వందలూ సంచిలో వేసేసింది. పోయింది నా జేబులో డబ్బే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

స్టాల్లో కుర్రాడు బాగా మాట్లాడతాడు. టీవీలో యోహాను 3:16 తెరిచి, ‘ప్రేమించెను’ అన్న మాట మీద నొక్కాడు. పక్కన గ్రీకు పదం, దాని నంబరు, అర్థం వచ్చాయి. ‘తెలుగు మాట నొక్కితే మూలభాష వస్తుంది బ్రదర్, ఇలాంటిది ఇండియాలోనే లేదు’ అన్నాడు. మాథ్యూ హెన్రీ అనే పాతకాలపు ఇంగ్లీషు సేవకుడి బైబిల్ వ్యాఖ్యానం మొత్తం తెలుగులో ఉందన్నాడు. అసలు ధర 24,000 అట, సభల ఆఫరు 9,800 అట. బిల్లు అడిగితే ‘పరిచర్య కదా అన్నా, బిల్లు వేస్తే జీఎస్టీ పడుద్ది, మీకే భారం’ అన్నాడు. నేను పగలంతా బిల్లులు రాసేవాణ్ణి. ఆ ఒక్క మాటకే వెనక్కి తిరిగి రావాల్సింది. రాలేదు. వాళ్ల సొంత ఫోన్ నంబరుకి యూపీఐ కొట్టి, మఖమల్ డబ్బాలో పెట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి ఇన్‌స్టాల్ చేశాక మొదటి రాత్రే అనుమానం వచ్చింది. వెతికే పెట్టెలో ఫోనులో మామూలుగా టైపు చేసినట్టే ‘కృప’ అని కొట్టాను. సున్నా ఫలితాలు. బైబిల్లో కృప లేదట! ఏదో వచనం కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే కొమ్ముల గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన గందరగోళం వచ్చింది. కంప్యూటర్లో అచ్చు పేజీలు కట్టే డీటీపీ వాళ్లకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే తెలుగు కాదు, ‘అను’ అనే పాత అచ్చు ఫాంటు. కంప్యూటరుకి లోపల కనిపించేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, పైకి తెలుగు తొడుగు వేశారు. కంటితో చదవడానికి పనికొస్తుంది, వెతకడానికి పనికిరాదు. పెళ్లి శుభలేఖ అచ్చు వేయడానికి ఆ ఫాంటు బంగారమే. కానీ విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చి, 2001 నుంచి కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు చదవడం మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా వెతకలేని బైబిలుని ‘స్టడీ సాఫ్ట్‌వేర్’ అని అమ్మడం ఏమిటో!

ఫోన్ చేస్తే, మా కీబోర్డు లేఅవుట్ నేర్చుకుని అందులో కొట్టండి అన్నారు. సరే, రెండు వారాలు కూర్చుని అదీ నేర్చుకున్నాను. ‘కొత్త’ అని వెతికాను, ఏమీ లేదు. మన పాత అనువాదంలో ఉండేది ‘క్రొత్త’. ‘దేవుడు’ అని కొడితే ‘దేవుని’, ‘దేవునికి’, ‘దేవా’ ఉన్న వచనాలు రావు. తెలుగు మాటకి విభక్తి తగిలితే రూపం మారిపోతుంది. ఆ మార్పు తెలిసిన వెతుకులాట ఉంటేనే తెలుగు పదకోశం, అంటే ఏ మాట ఏ వచనంలో ఉందో చూపేది, అవుతుంది, లేకపోతే అది ఉత్త అక్షరాల పోలిక. ఇంత చిన్న పని చేయనివాళ్లు మూలభాష వరకు ఎలా వెళ్లారా అని అప్పుడు డౌటొచ్చింది.

వెళ్లలేదు. ఇది మీరు ఏ స్టాల్లోనైనా నిలబడి రెండు నిమిషాల్లో పరీక్ష చేయొచ్చు, అందుకే వివరంగా చెప్తున్నాను. యోహాను 21వ అధ్యాయం 15 నుంచి 17 వరకు తెరవమనండి. యేసు ప్రభువు పేతురుని ‘నన్ను ప్రేమించుచున్నావా’ అని మూడుసార్లు అడుగుతాడు. తెలుగులో మూడుసార్లూ అదే మాట. గ్రీకులో మొదటి రెండుసార్లు అడిగింది అగపావో అనే క్రియతో, మూడోసారి ఫిలెయో అనే క్రియతో. పేతురు జవాబులు మూడూ ఫిలెయోతోనే. బైబిల్ మూలభాషలోని ఒక్కో మాటకి ఒక్కో నంబరు ఇచ్చిన స్ట్రాంగ్ నంబర్లలో అగపావో 25, ఫిలెయో 5368. ఆ తేడాకి ఎంత బరువు ఇవ్వాలన్నది పండితుల వాదన, మనం అందులోకి వెళ్లొద్దు. కానీ సాఫ్ట్‌వేరు తేడా చూపించాలి కదా! నా దాంట్లో అడిగినచోటా జవాబు చెప్పినచోటా, అన్నిటికీ 25 వచ్చింది. ఏం చేశారంటే, ‘ప్రేమ’తో మొదలయ్యే ప్రతి తెలుగు మాటకీ ఒకే నంబరు అంటించేశారు. దీన్ని పట్టుకుని నేను రెండు ప్రసంగాలు చెప్పేశాను. మూడో వారం కాకినాడలో వేదాంత కాలేజీలో చదివే కుర్రాడొకడు సెలవులకు వచ్చి, మెల్లగా పక్కకి పిలిచి చెప్పాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక వ్యాఖ్యానం. మాథ్యూ హెన్రీ 1714లో చనిపోయాడు. ఆయన స్వయంగా రాసింది అపొస్తలుల కార్యముల వరకే, పత్రికల మీద భాగం వేరే సేవకులు పూర్తి చేశారు. అది మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు, హక్కులు ఎవరికీ లేవు, నెట్‌లో ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుంది. వీళ్లు దాన్ని కంప్యూటరు చేత తెలుగు చేయించి, ఒక్కసారి కూడా చదవకుండా పెన్‌డ్రైవ్‌లో పోశారు. యోబు పేరు ఇంగ్లీషులో రాస్తే ఉద్యోగం అనే మాటకీ అవే అక్షరాలు. కాబట్టి మా సాఫ్ట్‌వేర్లో ‘ఉద్యోగం తన ముగ్గురు స్నేహితులతో మాట్లాడెను’. లోతు భార్య ‘చాలా భార్య’ అయింది. మార్కు సువార్త ప్రతిచోటా ‘గుర్తు’. తప్పిపోయిన కుమారుడు ఇంటికొస్తే తండ్రి వధించింది క్రొవ్విన దూడ కాదు, ‘లావైన పిక్క’. మా ఆవిడ ఇది విని నవ్వి నవ్వి ఆ రోజు కూర మాడ్చింది. నాకూ నవ్వొచ్చింది, తర్వాత ఆ నాలుగు వందలు గుర్తొచ్చాయి.

అయినా సర్దుకుపోయేవాణ్ణేమో. సంక్రాంతి తర్వాత కంప్యూటరు మరీ నెమ్మదించిందని పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేయించాను. సాఫ్ట్‌వేరు తెరిస్తే ‘లైసెన్సు చెల్లదు’. దాని లైసెన్సు మనిషికి కాదు, ఆ కంప్యూటరు లోపలి భాగాల గుర్తింపు నంబరుకి కట్టేసి ఉంటుందట. భాగం మారితే వేరే కంప్యూటరు కింద లెక్క. మళ్లీ తెరిపించడానికి 3,500 అడిగారు. జీవితకాలం అన్నారు కదా అంటే, ‘కంప్యూటరు జీవితకాలం అన్నా, మీది కాదు’ అన్నాడు. నేను రాసుకున్న ప్రసంగ నోట్సు కూడా అందులోనే ఇరుక్కుపోయాయి. దాదాపు నలభై ప్రసంగాలు, రాత్రి తొమ్మిది తర్వాత కూర్చుని రాసుకున్నవి. బయటికి తీసే మీట ఏదీ లేదు. డబ్బుల కంటే నన్ను ఎక్కువ కోసింది ఇదే. ఏ సాఫ్ట్‌వేరు వాడినా, ఉచితమైనా సరే, మీ నోట్సు అందులో రాయకండి. వేరే వర్డ్ ఫైల్లోనో, మన మామూలు లాంగ్‌బుక్కులోనో రాసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. బిల్లు అడిగారు, లేదు. యూపీఐ రసీదులో ఉన్నది ఎవరో వ్యక్తి పేరు, సంస్థ పేరు కాదు. బ్యానరు ఫోటో, ఆఫరు కరపత్రం, వాట్సాప్‌లో వాళ్లు ధర చెప్పిన మెసేజి ఉండబట్టి ఫిర్యాదు నిలబడింది. నెలన్నర తిరిగాక 4,000 వెనక్కి వేసి, ‘ఇక్కడితో ఆపేయండి అన్నా, దేవుని పిల్లలం కోర్టుల చుట్టూ తిరగకూడదు’ అని వాక్యం చెప్పారు. బిల్లు వేయనప్పుడు ఆ వాక్యం గుర్తు రాలేదు పాపం.

ఇప్పుడు ఏం వాడుతున్నావని అడుగుతారు. ఫోనులో యూవెర్షన్ అనే బైబిల్ యాప్. అందులో బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత తెలుగు అనువాదమూ ఉంది, 2019 ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) తెలుగూ ఉంది, పైసా కట్టనక్కర్లేదు. మూలభాష కోసం స్టెప్ బైబిల్. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వాళ్లు తయారుచేసింది, అదీ ఉచితమే. కంప్యూటర్లోకి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, మా ఊళ్లో కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది కాబట్టి నాకిది ముఖ్యం. విండోస్‌కి ఈ-సోర్డ్, ద వర్డ్ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌కి మైసోర్డ్, అండ్ బైబిల్ ఉన్నాయి. స్ట్రాంగ్ పదకోశం 1890 నాటిది, థేయర్ గ్రీకు నిఘంటువు 1889 నాటిది. వీటికి హక్కుల కాలం ఎప్పుడో ముగిసింది. స్టాల్లో చెప్పే ‘200 పుస్తకాల’ జాబితా చేతికి తీసుకుని ఒక్కో పేరు ఎదుట ఎప్పటి పుస్తకమో రాసి చూడండి. నేను నా జాబితా అలా చూశాను. ఉచితంగా దొరకనివి పదకొండు. ఆ పదకొండూ ఎవరో పాస్టరు గార్ల పాత కరపత్రాలు, స్కాన్ చేసినవి, పేజీలు అటూ ఇటూ అయినవి.

ఉచితమైనవాటికీ లోపాలున్నాయి, దాచను. స్ట్రాంగ్ నంబర్లు ఎక్కువగా కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు అనువాదానికి కట్టినవి. పక్కన తెలుగు పెట్టుకుని వచనం వచనం పోల్చుకోవాల్సిందే, ఇంగ్లీషు కాస్త రావాల్సిందే. తెలుగులో నమ్మదగిన వ్యాఖ్యానం కావాలంటే నేను ఇప్పటికీ అచ్చు పుస్తకాల దగ్గరికే వెళ్తున్నాను.

అసలు డబ్బు పెట్టి కొననే కూడదా అంటే, అలా అనను. మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, సెమినరీలో చదువుతున్నాడు. వాడు లోగోస్ అనే బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేరు మీద వందల డాలర్లు పెట్టాడు. ఆధునిక వ్యాఖ్యానాలు, హీబ్రూ వ్యాకరణం రోజూ వాడతాడు, ఇంగ్లీషు వాడికి నీళ్లు. వాడికి అది గిట్టుబాటు. నాకు కాదు. పైగా పెద్ద సంస్థలైనా ఎల్లకాలం ఉంటాయన్న హామీ లేదు. పండితులు నెత్తిన పెట్టుకున్న బైబిల్‌వర్క్స్ సాఫ్ట్‌వేరు సంస్థ 2018 జూన్‌లో మూతపడింది. అలాంటిదే వర్డ్‌సెర్చ్ 2020లో లోగోస్ వాళ్ల చేతికి వెళ్లింది. లోగోస్ కూడా 2024 నుంచి కొత్త సౌకర్యాలను చందా మీదే ఇస్తోంది. చందా తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇండియా కార్డు మీద ఆటోమేటిక్‌గా డబ్బు కోసేముందు 24 గంటలకు తగ్గకుండా బ్యాంకు మెసేజి రావాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ మెసేజి ప్రకటన అనుకుని తోసెయ్యకండి, ఆపుకోవాలంటే అప్పుడే ఆపుకోవాలి.

స్టాల్ ముందు నిలబడ్డప్పుడు కుర్రాడి చేతిలోంచి మౌసు మీరు తీసుకోండి. వాడు తెరిచిన వచనం కాదు, మీరు చెప్పిన వచనం తెరవమనండి. మీ ఫోనులో టైపు చేసినట్టే తెలుగులో టైపు చేసి వెతకండి. ఒక వచనం కాపీ చేసి మీ ఫోనుకి పంపమనండి, తెలుగులోనే వస్తుందో లేదో అక్కడికక్కడ తేలిపోతుంది. యోబు గ్రంథం మీద వ్యాఖ్యానం తెరిచి ఒక పేజీ గట్టిగా చదవండి. కంప్యూటరు మారిస్తే ఏమిటని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. జీఎస్టీ బిల్లు లేకపోతే డబ్బు తీయకండి. ‘పరిచర్య’ అన్న మాట బిల్లుకి బదులు కాదు.

వెనక్కి వచ్చిన 4,000 ఆదివారం పెద్దల చేతికిచ్చాను, మిగతా 5,800 నా జీతంలోంచి నెలనెలా కడుతున్నాను. షెడ్డులో పనిచేసే అక్క ‘పోనీలే తమ్ముడూ’ అంది. ఆ మాట అనకపోయినా బాగుండేది. మఖమల్ డబ్బా, పెన్‌డ్రైవ్ మా ఇంట్లోనే ఉన్నాయి. పాత హార్డ్ డిస్కు ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే తెరుచుకుంటుందేమోనని కుర్రాళ్లు చూస్తున్నారు. మీలో ఎవరికైనా అందులోంచి నోట్సు బయటికి తీసే దారి తెలిస్తే చెప్పండి. నలభై ప్రసంగాల్లో పది దొరికినా చాలు.