బీబీసీ మైక్రోకి ఎస్‌డీ కార్డు: ముందు పవర్ సప్లై సంగతి తేల్చుకోండి

పాత బీబీసీ మైక్రో మోడల్ బి కంప్యూటర్ చేతికొస్తే చాలామంది చేసే మొదటి పని ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యడం. ఆ ఒక్కటీ చెయ్యకండి. ఈ రివ్యూ దాని యూజర్ పోర్టుకి (బయటి పరికరాలు తగిలించే సాకెట్) తగిలించే ఎస్‌డీ కార్డు మాడ్యూల్ గురించి. కానీ పవర్ సప్లైని పట్టించుకోకుండా కొత్త మాడ్యూల్ పెట్టడమంటే పునాది చూడకుండా మేడ కట్టినట్టే.

ఎకార్న్ కంపెనీ 1981లో ఇంగ్లండులో విడుదల చేసిన యంత్రమిది. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, 32 కేబీ ర్యామ్. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకం కింద బడులకి వెళ్లింది కూడా ఇదే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దీన్ని యూనికార్న్ పేరుతో బిగించింది. ఎక్కడ బిగించినా ఇప్పటికి 40 ఏళ్లకి అటూఇటూ. లోపలి కెపాసిటర్లకి ఆ వయసు ఎక్కువే.

ఆస్టెక్ తయారీ పవర్ సప్లైలో మెయిన్స్‌కి (గోడ ప్లగ్గు నుంచొచ్చే కరెంటు) అడ్డంగా రిఫా కంపెనీ కెపాసిటర్లు రెండుంటాయి, ఒకటి 0.1 మైక్రోఫారడ్, ఇంకొకటి 0.01. పారదర్శకంగా, తేనె రంగులో కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే పైపూతలో వెంట్రుక మందాన పగుళ్లు కనబడతాయి. ఆ పగుళ్లలోంచి లోపలి కాగితం ఏళ్ల తరబడి తేమ పీలుస్తుంది. కరెంటు ఇచ్చిన కొన్ని నిమిషాలకి ఠప్పున పేలి, గదంతా గోధుమ రంగు పొగ, వదలని కంపు. కంప్యూటర్ పాడవదు గానీ ఆ జిగురు శుభ్రం చెయ్యడం నరకం. వాటి స్థానంలో మెయిన్స్ కోసమే చేసిన ఎక్స్2 తరగతి, 275 వోల్టుల ఏసీ కెపాసిటర్లే వెయ్యాలి. మామూలు పాలిస్టర్ కెపాసిటర్ మీద ఎంత పెద్ద వోల్టేజీ రాసున్నా ఇక్కడికి పనికిరాదు. కొనేముందు పాత వాటి కాళ్ల మధ్య దూరం స్కేలుతో కొలవండి. దొరికిన సైజు కొని కాళ్లు వంచి ఇరికిస్తే పక్క భాగాలకి తగులుతాయి. అదే పూటలో 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కూడా మార్చేయండి. అది ఎండిపోతే సప్లై టిక్కుటిక్కుమంటుందే తప్ప లేవదు.

డబ్బా విప్పేముందు వైరు పీకి కాసేపు ఆగండి. పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా డీసీ మిగిలి ఉండొచ్చు, మల్టీమీటర్‌తో చూసి దిగిందని తేలాకే చెయ్యి పెట్టండి. మెయిన్స్ పని అలవాటు లేకపోతే టీవీ మెకానిక్‌కి ఇవ్వడం తప్పేమీ కాదు. బిగించాక లోడు లేకుండా ఆన్ చెయ్యొద్దు, ఇది స్విచ్ మోడ్ సప్లై. బోర్డుకి మూడు ఎర్ర వైర్లు, మూడు నల్ల వైర్లు, ఒక ఊదా వైరు తగిలించి, బోర్డు మీదే 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య వస్తోందేమో చూడండి. సప్లై దగ్గర 5 వోల్టులు సరిగ్గా ఉండి బోర్డు దగ్గర తక్కువ చూపిస్తే తప్పు ఆ తొడుగుల్లోని తుప్పుది.

ఇక ఎస్‌డీ మాడ్యూల్. ఇది ఎందుకు కొనాలంటే, అసలు ఫ్లాపీ దారి ఖరీదైనది. డిస్కు ఇంటర్‌ఫేస్ లేని యంత్రానికి ఫ్లాపీని నడిపే ఇంటెల్ 8271 చిప్ కావాలి, అది దొరకడం కష్టం, దొరికితే ధర మండుతుంది. ఫ్లాపీ డ్రైవు బదులు వాడే గోటెక్ ఎమ్యులేటర్‌కి కూడా ఆ ఇంటర్‌ఫేస్ ఉండాల్సిందే. యూజర్ పోర్టు ఎస్‌డీకి మాత్రం 20 పిన్నుల కనెక్టరు, సాఫ్ట్‌వేర్ రాసున్న ఒక రోమ్ చిప్పు చాలు. అడ్డంకల్లా మోడల్ ఎ అయితేనే, అందులో యూజర్ పోర్టు నడిపే 6522 చిప్ ఐసీ 69 స్థానంలో ఉండకపోవచ్చు. ఇంకొకటి, ఆపరేటింగ్ సిస్టమ్ 1.20 ఉండాలి. స్టార్ ఎఫ్‌ఎక్స్ 0 (*FX 0, స్టార్ అంటే * గుర్తు) అని కొడితే వెర్షన్ చూపిస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది వోల్టేజీ. ఎస్‌డీ కార్డుది 3.3 వోల్టులు, పోర్టుది 5. రెగ్యులేటరు, లెవెల్ షిఫ్టర్ (5, 3.3 వోల్టుల సంకేతాలని ఒకదానికొకటి మార్చేది) ఉన్న బోర్డు కొనండి. రెసిస్టర్లతో సరిపెట్టిన చవక బోర్డులు పనిచేస్తాయి గానీ కార్డుల విషయంలో పేచీ పెడతాయి. ఒక కార్డు చదువుతుంది, అదే కంపెనీది ఇంకొకటి చదవదు. సొంతంగా కేబుల్ బిగించుకునేవాళ్లు కనెక్టరు తిరగేయకుండా చూసుకోండి. 1, 3 పిన్నుల్లో 5 వోల్టులుంటాయి, తిరగబడితే కార్డు ఖతం.

ఎస్‌డీ కార్డుని డిస్కులా చదివించే సాఫ్ట్‌వేర్ ఎంఎంఎఫ్‌ఎస్. ఆ రోమ్‌ని 27128 ఈప్రోమ్‌లో (మనం రాసుకోగల చిప్పు) రాసి ఖాళీ సాకెట్లో పెట్టాలి. పై మూత తీయడానికి ఫిక్స్ అని రాసిన నాలుగు స్క్రూలు విప్పండి, రెండు వెనక, రెండు అడుగున. రోమ్ సాకెట్లు కీబోర్డు కింద కుడివైపున ఉంటాయి కాబట్టి కీబోర్డు కూడా కదపాలి. ఐసీ 52 అని రాసిన సాకెట్లో సాధారణంగా బేసిక్ భాష రోమ్ ఉంటుంది. ఐసీ 101కి అన్నిటికంటే ప్రాధాన్యం ఎక్కువ. డీఎఫ్‌ఎస్ రోమ్ (ఫ్లాపీలని నడిపేది) ఇప్పటికే ఉంటే దానికంటే కుడివైపు సాకెట్లో ఎంఎంఎఫ్‌ఎస్ పెట్టండి, లేకపోతే బ్రేక్ మీట నొక్కిన ప్రతిసారీ ఫ్లాపీయే ముందుకొస్తుంది. కొత్త చిప్పు మీది గాడి, పక్కనున్న బేసిక్ చిప్పు గాడి ఎటుంటే అటే ఉండాలి. కొత్త చిప్పు కాళ్లు కాస్త విప్పారి ఉంటాయి, బల్ల మీద ఆనించి రెండువైపులా లోపలికి వంచాకే గుచ్చండి. ఒక కాలు చిప్పు కింద మడతపడితే పైనుంచి చూస్తే అంతా బాగానే కనబడుతుంది, రోమ్ మాత్రం పలకదు. ఇంకో మాట: రోమ్‌లో రకాలున్నాయి. మీ మాడ్యూల్ ఏ రకమో అమ్మేవాళ్లనడిగి అదే రాయించుకోండి. టర్బో ఇంటర్‌ఫేస్‌కి (వేగం పెంచిన రకం) రాసింది మామూలు దానిమీద నడవదు.

మళ్లీ బిగించేటప్పుడు కీబోర్డు రిబ్బన్ ఒక పిన్ను పక్కకి జరగడం తరచుగా జరిగే పొరపాటు. ఆన్ చెయ్యగానే మోత మొదలై ఆగకపోతే కొత్త రోమ్‌ని తిట్టకముందు ఈ రిబ్బన్ చూడండి. సౌండ్ చిప్ కరెంటు రాగానే మోగుతుంది, ప్రాసెసర్ లేచి దాన్ని ఆపాలి. ఆగలేదంటే యంత్రం లేవలేదనే అర్థం.

కార్డు తయారీలో మెలిక ఒక్కటే. 32 జీబీ లోపు కార్డు తీసుకుని ఫ్యాట్ 32లో ఫార్మాట్ చేసి, మొట్టమొదటగా డిస్కులన్నీ ఉండే బీబ్ డాట్ ఎంఎంబి (BEEB.MMB) ఫైలే కాపీ చెయ్యండి. ఫైలు కార్డు మీద ముక్కలవకుండా ఒకే వరుసలో ఉండాలి, ఎంఎంఎఫ్‌ఎస్ అలాగే ఊహించుకుని చదువుతుంది. ఫొటోలున్న కార్డులో ఖాళీ చోట ఈ ఫైలు పడేస్తే కొన్ని గేములు వస్తాయి, కొన్ని చెత్త చూపిస్తాయి. కార్డు పాడైందనుకుని పారేసేది ఇక్కడే. ఆ ఒక్క ఫైల్లో 511 డిస్కు ఇమేజీలు (ఫ్లాపీల నకళ్లు) పడతాయి, ఒక్కోటి 200 కేబీ, మొత్తం దాదాపు 100 ఎంబీ. రెండు వైపుల డిస్కు ఇమేజీ నేరుగా ఎక్కదు, పీసీలో రెండుగా విడగొట్టాలి. వాడకం సులువు: స్టార్ డీక్యాట్ (*DCAT) అంటే జాబితా, స్టార్ డిన్ (*DIN) అంటే డిస్కు మార్పు, స్టార్ డీబూట్ (*DBOOT) అంటే మార్చి నడిపించడం. డిస్కుకి 31 ఫైళ్ల పాత పరిమితి ఇక్కడా ఉంది.

లోటు మెమరీ దగ్గర. ఈ రోమ్ వాడితే పేజ్ విలువ (బేసిక్ ప్రోగ్రాము మెమరీలో మొదలయ్యే చోటు) హెక్స్ 1900కి వెళ్తుంది. 20 కేబీ తెర తీసుకునే మోడ్ 2లో బేసిక్‌కి మిగిలేది 5,888 బైట్లు. సైడ్‌వేస్ ర్యామ్ (రోమ్ స్థానంలో పనిచేసే అదనపు ర్యామ్) బోర్డు ఉంటే దానికి సరిపడే ఎంఎంఎఫ్‌ఎస్ వెర్షన్ వేసుకోవచ్చు, పేజ్ హెక్స్ E00 దగ్గరే ఉండి 8,704 బైట్లు దొరుకుతాయి. క్యాసెట్ కోసం రాసిన పెద్ద గేములు ఉన్నవాళ్లకి ఈ తేడా ముఖ్యం, మిగతావాళ్లు మామూలు రోమ్‌తో సుఖంగా ఉండొచ్చు.

దీనితోపాటు చాలాచోట్ల అమ్మే పైట్యూబ్‌డైరెక్ట్ గురించి రెండు మాటలు. అడుగున ఉన్న 40 పిన్నుల ట్యూబ్ పోర్టుకి లెవెల్ షిఫ్టర్ బోర్డుతో రాస్‌బెరీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ తగిలిస్తే, అది రెండో ప్రాసెసర్‌గా నటిస్తుంది. 6502, జెడ్80, 32016, ఆర్మ్, ఏది కావాలంటే అది. వేగం అబ్బురపరుస్తుంది, ఏ మోడ్‌లో ఉన్నా బేసిక్‌కి 30 కేబీ ఖాళీ దొరుకుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఇది పండగే. గేములకి మాత్రం అక్కరకు రాదు: తెర మెమరీలోకి నేరుగా రాసే గేము ట్యూబ్ ఆన్‌లో ఉంటే తన సొంత మెమరీలో రాసుకుంటుంది, తెర మీద ఏమీ కదలదు. కేబుల్ పొట్టిగా ఉంచండి, పొడవైతే ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతుంది.

డబ్బు ఒక్కదానికే ఉంటే ఎస్‌డీ మాడ్యూల్ తీసుకోండి, పైట్యూబ్‌డైరెక్ట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. రెండూ ఉన్నవాళ్లు ఆన్ చెయ్యగానే ట్యూబ్ పేరు తెరమీద రాలేదని కంగారు పడకండి. రాస్‌బెరీ పై జీరో తన కార్డు నుంచి లేవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఈలోగా బీబీసీ మైక్రో లేచిపోయి ఉంటుంది. కాసేపాగి కంట్రోల్ పట్టుకుని బ్రేక్ నొక్కండి.