బైకు ఇంజన్ బోరుతో పాటు మార్పించినవి: 3 ఏళ్ల వాడకం తర్వాత
చంద్రగిరి నుంచి తిరుపతి మీదుగా రేణిగుంటకు రోజూ ఉద్యోగానికి తిరిగే నా 125 సీసీ కార్బొరేటర్ బండికి రెండుసార్లు ఇంజన్ విప్పించవలసి వచ్చింది. రెండోసారి అదనంగా మార్పించిన వస్తువులు గత 3 ఏళ్లలో, సుమారు 40 వేల కిలోమీటర్లలో ఎలా నిలిచాయో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి బోరు చేయించి (అంటే అరిగిన సిలిండరు లోపలి గోడను కోయించి సాపు చేయించి), కొత్త పిస్టన్, రింగులు వేయించి, ఖర్చు కలిసి వస్తుందని మిగిలినవన్నీ పాతవే ఉంచుకున్నాను. నాలుగు నెలలు తిరగకముందే పొగ మళ్లీ మొదలైంది. తిరుమల నుంచి దిగేటప్పుడు, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎక్సలేటర్ వదిలేసి గేరులోనే దిగివచ్చి, అలిపిరి దగ్గర మళ్లీ రైజ్ చేయగానే వెనుక నీలం పొగ గుప్పుమని లేచేది. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు ఇన్‌లెట్ వైపు పీడనం బాగా తగ్గిపోయి, సిలిండరు పైన ఉండే హెడ్డులోని ఆయిల్‌ను అరిగిన వాల్వు సీలు (వాల్వు కాడ చుట్టూ ఉండే రబ్బరు) సందులోంచి లోపలికి లాక్కుంటుంది కాబట్టి, రింగులు ఎంత కొత్తవైనా ఆ పొగ ఆగదు.

రెండోసారి వేరే షెడ్డుకు తీసుకుపోయి, పని జరిగినంతసేపూ అక్కడే కూర్చున్నాను. మెకానిక్ నా అరచేతిలో పెట్టిన పాత వాల్వు సీలును గోటితో నొక్కితే చింతగింజను నొక్కినట్టే ఉంది. కొత్తది మాత్రం వేళ్ల మధ్య మెత్తగా నలిగింది. "ఇది మార్చకుండానే బోరు చేయించినారా అన్నా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాల్వులను పేస్టుతో రుద్ది, వాల్వు వెనుక ఉండే దారిలో (పోర్టులో) పెట్రోలు పోసి, చుక్క కూడా దిగడం లేదని ఇద్దరం చూసుకున్న తర్వాతే హెడ్డు బిగించారు.

వాల్వులను నడిపే టైమింగ్ చైన్ సంగతి కూడా అంతే ముఖ్యం. చైన్ ఆనుకుని నడిచే గైడు మీద గోరు దిగేంత లోతుగా గాడి పడింది. నా బండిలో దీన్ని మార్చాలంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ కూడా ఊడదీయాలి గనుక, ఇంజన్ విప్పి ఉన్నప్పుడే చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, గైడులు కలిపి మార్పించడం మంచిదయింది. ఉదయం స్టార్ట్ చేయగానే వినిపించే కటకట శబ్దం ఆ రోజుతో పోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. గేరు రాడ్డు సీలు, స్ప్రాకెట్ వెనుక సీలు, ప్యాకింగులు అన్నీ కొత్తవే వేయించాను. ఇన్నేళ్లలో ఇంజన్ కింద ఆయిల్ మరక పడలేదు. కార్బొరేటర్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే రబ్బరు పగిలి గాలి పీలుస్తోందని అప్పుడే బయటపడింది. మే నెల ఎండలో ఇంజన్ అంతగా కాగిపోవడానికి అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

పిస్టన్‌ను క్రాంక్ అనే తిరిగే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూశారు. ఆ దిశలో వదులు ఉంటే క్రాంక్ పని తప్పదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే. నాది బాగుంది కాబట్టి దాని జోలికి పోలేదు. క్లచ్ ప్లేట్లు కొలిస్తే ఇంకా మందం ఉందని వదిలేశాను, ఏడాదిన్నరకు అవి జారడం మొదలుపెట్టాయి. అయితే వాటికి పక్క కవరు విప్పితే చాలు, ఒక పూటలో పని అయిపోయింది. ఇంజన్ మొత్తం దించితే తప్ప చేతికి అందని వస్తువులకే ముందు డబ్బు పెట్టమని అందుకే చెబుతున్నాను.

అదనపు సామానుకు నాకు దాదాపు 3 వేల రూపాయలైంది. కూలి మొదటిసారి ఇచ్చినదానికంటే కొంచెమే పెరిగింది. మొదటి 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తే, దింపిన ఆయిల్‌లో సన్నటి లోహపు పొడి ఎండకు తళతళలాడింది. ఆ తర్వాత కూడా 1,000 కిలోమీటర్లు దాటేవరకు వెనుక మనిషిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కలేదు. గత నెల కొండ దిగివచ్చి అలిపిరి దగ్గర రైజ్ చేసినప్పుడు, వెనుక కూర్చున్న మా తమ్ముణ్ణి తిరిగి చూడమన్నాను. పొగ లేదన్నాడు.