బస్తా విప్పి చూడకుండా వర్మీకంపోస్టు కొనకండి: నల్గొండ మిద్దెతోటల వాళ్లకు

నల్గొండలో మిద్దె మీదో బాల్కనీలోనో కుండీలు పెట్టుకుని కూరగాయలు, పూలు పెంచేవాళ్లు కొంచెం ఓపిక చేసుకుని ఇది చదవండి. ట్రాలీ ఆటోకు మైకు కట్టి "వర్మీకంపోస్టు, వర్మీకంపోస్టు" అని కాలనీల్లో తిరిగే ఒకతని దగ్గర ఈ వానపాముల ఎరువు 20 బస్తాలు కొని నేను మోసపోయాను. బస్తా 350, మొత్తం 7 వేలు. డబ్బు సంగతి అటుంచండి, మృగశిర కార్తెకు పెట్టిన విత్తనాలన్నీ పోయాయి. నా బాధంతా అదే.

మే ఆఖరు. నా గ్రోబ్యాగుల్లో మట్టి మూడేళ్లుగా వాడుతున్నదే, సారం పోయింది. మార్చాలి అనుకుంటున్న రోజుల్లోనే ఆటో మా గల్లీలోకి వచ్చింది. ఆ తమ్ముడు ఒక బస్తా మూతి విప్పి చూపించాడు. అందులో ఉన్నది నిజంగా మంచిదే. టీ పొడిలా గరుకుగా, కొద్దిగా తడిగా, తొలకరి మట్టి వాసన. ఆ ఒక్కటీ చూసి మిగతా 19 కుట్టు కూడా విప్పకుండా పైకి మోయించుకున్నాను. ఫోన్‌పే చేస్తానంటే "స్కానర్ పని చేస్తలేదక్కా, క్యాష్ ఇయ్యుండ్రి" అన్నాడు. బిల్లు రేపు తెచ్చిస్తానన్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. 400 చెప్పినదాన్ని 350కి దించానన్న సంబరంలో నాకేమీ కనపడలేదు.

సగం ఎర్రమట్టి, సగం ఈ సరుకు కలిపి 40 బ్యాగులు నింపాను. బీర, సొర, బెండ, పుంటికూర పెట్టాను. మొలకలు బాగానే వచ్చాయి, రెండాకుల దగ్గర ఆగిపోయాయి. పదిహేను రోజులయ్యేసరికి లేత ఆకు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా. బెండ ఆకుల అంచులు మాడినట్టు. నీళ్లు ఎక్కువయ్యాయేమో అని తగ్గించాను, తర్వాత తక్కువయ్యాయేమో అని పెంచాను. పురుగేమీ లేకపోయినా వేపనూనె కొట్టాను. టెన్షన్‌లో మనం చేసేవన్నీ చేశాను.

గుట్టు విప్పింది మా అత్తమ్మ. బ్యాగులోంచి చిటికెడు తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, నల్లబడ్డ వేళ్లు నాకు చూపించింది. "గిది ఎరువు గాదు బిడ్డా, బోళ్లు తోమే బూడిద" అంది.

రైస్ మిల్లుల ఊక బూడిద అది. మిర్యాలగూడ పక్కనే పెట్టుకుని నాకు తట్టకపోవడమే విచిత్రం. మిల్లుల బాయిలర్లలో ఊకే కాలుస్తారు, బూడిదకు కొదవుండదు. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే కాలిన వడ్ల పొట్టు రూపం చెడకుండా, చిన్న చిన్న పడవల్లా వంపు తిరిగి కనిపించింది. తర్వాత గాజు గ్లాసులో నీళ్లు పోసి మిగతా బస్తాల్లోది రెండు చెంచాలు వేశాను. బూడిద నల్లటి మీగడలా పైన తేలింది. అడుగున చెరువు మట్టి కూర్చుంది. రెండింటి మధ్య నీళ్లు బూడిదరంగు. మొదటి బస్తాలోది ఇంకో గ్లాసులో వేస్తే చాలామటుకు మునిగింది, నీళ్లు పల్చటి టీ రంగుకు తిరిగాయి. అంటే ఆ బస్తా చూపించడానికి పెట్టుకున్నది, మిగతావన్నీ బూడిద.

ఊక బూడిద విషమేమీ కాదు, కొంచెం కలిపితే మట్టి గుల్లగా ఉంటుంది. కానీ కాలినప్పుడే నత్రజని పోతుంది, ఇక మొక్కకు తిండెక్కడిది? పైగా దానికి క్షార గుణం. మా బోరు నీళ్లు ముందే ఉప్పు, బ్యాగుల పక్కలకు తెల్లగా పేరుకుంటుంది. ఈ రెండూ కలిస్తే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకు పసుపెక్కడం అందుకే.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు లెక్కలో వర్మీకంపోస్టుకు తేమ 15 నుంచి 25 శాతం ఉండాలి, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, నత్రజని 1 శాతం. నా బస్తాల మీద ఈ అంకెలు లేవు, తయారుచేసినవాడి పేరు లేదు. వానపాము బొమ్మ ఒకటి ఉంది. ఆ 19 బస్తాల్లో నాకు దొరికిన వానపాము అదే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేద్దామంటే నా దగ్గర బిల్లు లేదు, బండి నంబరు లేదు, డబ్బు పంపినట్టు ఫోన్‌లో రుజువూ లేదు. అతను ఇచ్చిన నంబరు మూడు రోజులు "రేపొస్త అక్కా" అంది, నాలుగో రోజు నుంచి స్విచాఫ్. మీరు కొంటే మాత్రం ఫోన్‌లోనే డబ్బు పంపండి, బండి నంబరు ప్లేటు ఫోటో తీసుకోండి. వద్దన్నాడంటే బేరం వదిలేయండి. ఏ బస్తా విప్పాలో అతను కాదు, మీరు చెప్పండి, అడుగున ఉన్నదాన్ని లాగించండి. విప్పగానే దుమ్ము లేస్తే అది వర్మీకంపోస్టు కాదు.

నేనిప్పుడు తిప్పర్తి వైపు ఒక రైతు దగ్గర, ఆయన తొట్లు కళ్లారా చూసి తెచ్చుకుంటున్నాను. కిలో 12 పడుతోంది. చేత్తో కెలికితే గుండుసూది తలంత, నిమ్మపండు ఆకారంలో వానపాము గుడ్లు దొరుకుతున్నాయి. పాత బ్యాగులన్నీ దులిపేశాను. ఆ బూడిద మట్టిని పదో వంతుకు మించకుండా కొత్త మట్టిలో కలుపుతున్నాను, అది అయిపోయేసరికి ఎన్నేళ్లు పడుతుందో మరి.

గుర్తులు: పసుపు రంగు బస్తా, ఎర్ర దారం కుట్టు, వానపాము బొమ్మ. విప్పనివి రెండు ఇంకా మా మెట్ల కింద ఉన్నాయి. నమ్మకం లేనివాళ్లు గ్లాసు తెచ్చుకుని రండి, నీళ్లు మా ఇంట్లో ఉన్నాయి.